పేకముక్కకు శక్తి ఎక్కడిది?

సంక్రాంతి మూడు రోజులూ గోదావరి జిల్లాల పల్లెలలో కోడిపందేల బరుల ప్రక్కనే పేకాట పందిళ్ళు కూడ వెలుస్తూ ఉంటాయి. ఆ పందిళ్ళలో పొలాలు కరిగిపోయిన కుటుంబాలు ఊరికి ఒకటో రెండో కనబడుతూనే ఉంటాయి. కనుక పేక అనే మాట వినగానే మన పెద్దలు ఉలిక్కిపడటంలో ఆశ్చర్యం లేదు.

ఈ వ్యాసకర్త ఎరిగిన ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి పిల్లవాని సంచిలో రంగురంగుల బొమ్మల ముక్కల కట్ట ఒకటి బయటపడింది. లెక్కల మాస్టారు దానిని తీసికొని "ఏంట్రా ఇది? పేకాటా?" అని గద్దించారు. "కాదండీ, మంత్రపు ముక్కలండీ. ఇదిగోనండీ, దీంతో ఎదుటోడి రాక్షసులన్నిట్నీ ఒక్కసారే తీసేయొచ్చండీ" అన్నాడు వాడు. మాస్టారికి కోపంలోనూ నవ్వు వచ్చింది. కాగితం ముక్క రాక్షసులను ఎట్లా తీసివేస్తుంది? అంతకన్న ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఆయన మనస్సులో మెదిలింది. ఇది ఆటా, జూదమా? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకే దారిలో దొరుకుతుంది. ఆ దారి మన ఇంటి అరుగు మీదనే మొదలవుతుంది.

తురుపు ఆట తెలియనివారు మనలో అరుదు. ఆఠీను ఆసు పెద్ద ముక్క, ఇస్పేటు రెండు అన్నిటికన్న చిన్నది. కాని ఆ ఆటకు ఇస్పేటు తురుపు అని పాటలో తేలినదనుకొందాం. అప్పుడు ఆఠీను లేని ఆటగాడు ఇస్పేటు రెండుతో ఆ ఆసును కోసివేయగలడు. రెండు అచ్చులో మారలేదు, దాని మీద చుక్కలు పెరగలేదు. మారినది కూర్చున్న నలుగురి మధ్యనున్న ఒప్పందం మాత్రమే. తరువాతి ఆటలో కళావరు తురుపు అయితే అదే ఇస్పేటు రెండు మళ్ళీ ఎందుకూ కొరగాని ముక్క అవుతుంది.

ఇక్కడ చిన్న ముచ్చట ఒకటి. కళావరు అనే మాట మనది కాదు. డచ్చివారి భాషలో ఆ రంగును క్లావర్ అంటారు, తురుపును త్రూఫ్ అంటారు. పాలకొల్లు, ద్రాక్షారామం, కాకినాడను ఆనుకొని ఉన్న జగన్నాథపురం వంటి చోట్ల డచ్చివారి వర్తకశాలలు ఉండేవి. 1825లో అవి ఆంగ్లేయుల పరమైనవి. బట్టల మూటలతో వారు వెళ్ళిపోయినా పేక మాటలు మనవద్ద నిలిచిపోయినవి.

యూరపు పేక రాకముందు మనదేశంలో గుండ్రని గంజిఫా ముక్కలతో ఆడేవారు. నిర్మల్ నకాషీ చిత్రకారులు ఆ ముక్కలను కూడ చిత్రించేవారు. దశావతార గంజిఫాలో పది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 120 ముక్కలు. అందులో ఐదు రంగులలో పది పెద్దది, ఒకటి చిన్నది. తక్కిన ఐదింటిలో క్రమం తలక్రిందులై ఒకటే పెద్దదవుతుంది. ఇంకొక విశేషం ఏమంటే పగలు ఆడితే రాముని రంగు రాజు ఉన్నవాడు ముందు ఆడాలి, రాత్రి ఆడితే కృష్ణుని రంగు రాజు ఉన్నవాడు ముందు ఆడాలి. దీపాలు పెట్టే వేళకు ముక్క హక్కు మారిపోతుందన్నమాట! ముక్క బలం ముక్కలో లేదని, అది వేళను బట్టి, నియమాన్ని బట్టి ఉంటుందని ఇంతకన్న అందంగా చెప్పడం కష్టం.

జోకరు ఇంకొక మెట్టు పైది. 1860 ప్రాంతాలలో అమెరికావారు యూకర్ అనే ఆట కోసం దానిని పేకలో చేర్చారు. మన రమ్మీలో రెండు పేకలు కలిపి, పదమూడేసి ముక్కలు పంచి, ఒక ముక్కను తిప్పి పెడతారు. తిప్పినది ఏడు అయితే తక్కిన ఏడులన్నీ జోకర్లే. జోకరుకు స్వంత విలువ లేదు. వరుసలో ఏ ముక్క లోపిస్తే దాని స్థానాన్ని పూరిస్తుంది. అంటే అది ఒక నియమాన్ని సడలించే అనుమతి పత్రం. అయితే ఆ అనుమతికి హద్దు కూడ ఉన్నది. జోకరు లేని వరుస కనీసం ఒకటి ఉండి తీరవలె.

అచ్చు జోకర్లను ప్రక్కనబెట్టి లెక్క వేద్దాం. రెండు పేకలలో 104 ముక్కలు. ఒకటి తిప్పగా మిగిలినవి 103, వాటిలో జోకర్లు 7. మీ పదమూడు ముక్కలలో ఒక్క జోకరైనా ఉండే సంభావ్యత ఎంత? ఒక్కటీ రాకుండా ఉండే సంభావ్యతను ముందు కనుగొనడం సులభం. ఏడు జోకర్లలో మొదటిది మీ చేతిలో కాక తక్కిన 90 స్థానాలలో ఎక్కడనో ఉండాలి. అది 90/103. రెండవదానికి 89/102. ఇట్లా ఏడవదానికి 84/97 వరకు గుణించుకొంటూ పోతే 0.377 వస్తుంది. కనుక ఒకటైనా వచ్చే సంభావ్యత 0.623, అంటే నూటికి సుమారు 62 సార్లు. జోకరు రాలేదని దురదృష్టాన్ని తిట్టుకొనేవారు నూటికి 38 సార్లు అట్లాగే జరుగుతుందని గుర్తుంచుకొంటే కొంత ఊరట.

ఇప్పుడు పిల్లవాని ముక్కల వద్దకు వద్దాం. పోగుచేసికొనే ముక్కలతో ఆడే ఈ రకం ఆటకు ఆద్యుడు రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికా గణితజ్ఞుడు. సంయోగ గణితంలో డాక్టరేటు పొందిన సంవత్సరమే, 1993లో, ఆయన రూపొందించిన "మేజిక్: ది గ్యాదరింగ్" వెలువడింది. పిల్లవాని చేతిలోనిది జపాను ఆట. కజుకి తకహాషి 1996లో మొదలుపెట్టిన బొమ్మల కథనుండి పుట్టిన "యు-గి-ఓ". కొనామి సంస్థ దానిని 1999లో ముక్కల ఆటగా విడుదల చేసింది.

మామూలు పేకలో 52 ముక్కలు అందరికీ ఒకటే. ఈ ఆటలో ఎవరి కట్ట వారిదే. కట్టలో 40కి తగ్గకుండా, 60కి మించకుండా ముక్కలు ఉండాలి. ఒకే పేరుగల ముక్క మూడుకు మించరాదు. ప్రతి ఆటగానికి 8000 ప్రాణాంకాలు. ఎదుటివాని ప్రాణాంకాలను సున్నా చేసినవాడు గెలుస్తాడు. ముక్కలు మూడు జాతులు. పోరాడే రాక్షస ముక్కలు, మంత్రపు ముక్కలు, ముందుగా బోర్లా పెట్టి ఎదుటివాని వంతులో తెరిచే ఉచ్చు ముక్కలు.

రాక్షస ముక్కకు దాడి అంకె, రక్షణ అంకె అచ్చువేసి ఉంటాయి. మంత్రపు ముక్కకు అట్టి అంకెలు ఉండవు. దానిమీద ఉండేది ఒక వాక్యం మాత్రమే. "డార్క్ హోల్" అనే ముక్కమీది వాక్యపు సారం, బల్లమీద ఉన్న రాక్షసులన్నిటినీ నాశనం చేయమని. "పాట్ ఆఫ్ గ్రీడ్" సారం, రెండు ముక్కలు తీసికోమని. ఆ వాక్యం ఒక ఆజ్ఞ. మామూలుగా వంతుకు ఒక ముక్కే తీయాలన్న నియమాన్ని అది ఒక్కసారికి మీరనిస్తుంది. పని కాగానే ముక్క శ్మశానం అనే కుప్పలోకి పోతుంది. మంత్రపు ముక్క స్వరూపమంతా ఇంతే. అది ముందే అచ్చువేసి ఉంచిన నియమోల్లంఘన.

అన్ని మంత్రాలూ ఒక్కసారితో ఆరిపోవు. కొన్ని బల్లమీద నిలిచి పనిచేస్తూ ఉంటాయి. కొన్ని రాక్షసునికి ఆయుధంలా తగులుకొని ఉంటాయి. "యాక్స్ ఆఫ్ డిస్పెయిర్" అనే గొడ్డలి తగిలిస్తే దాడి అంకె 1000 పెరుగుతుంది. ఈ తేడానుండి ఒక చక్కని తర్కం పుడుతుంది. కొత్తవారందరూ తడబడేది ఇక్కడే.

"మిస్టికల్ స్పేస్ టైఫూన్" అనే శీఘ్ర మంత్రం ఒకటి ఉన్నది. బల్లమీది మంత్రపు ముక్కనో, ఉచ్చు ముక్కనో ఒకదానిని అది నాశనం చేస్తుంది. రాజు డార్క్ హోల్ వేశాడు. వెంటనే ప్రసాదు తాను బోర్లా పెట్టి ఉంచిన టైఫూన్ తెరచి డార్క్ హోల్ ముక్కను నాశనం చేశాడు. రాక్షసులు బ్రతికినట్లేనా? కాదు. ముక్క శ్మశానానికి పోతుంది, కాని మంత్రం పారుతుంది, రాక్షసులు పోతారు. దీపావళినాడు తారాజువ్వకు నిప్పు అంటుకొని అది పైకి లేచిన తరువాత అది వచ్చిన పెట్టెను ఎంత చింపినా ఏమి లాభం? కాని రాజు వేసినది గొడ్డలి అయి ఉంటే, దాని ప్రభావం మొదలుకాక ముందే టైఫూన్ దానిని పడగొడితే, గొడ్డలి పనిచేయదు. ప్రమిద పగిలితే దీపం ఉండదు కదా. ముక్కను నాశనం చేయడం వేరు, ఆజ్ఞను రద్దుచేయడం వేరు. రద్దుచేయాలంటే ఆ మాట స్పష్టంగా వ్రాసి ఉన్న ముక్క కావాలి.

అటువంటిది "మేజిక్ జామర్" అనే ప్రత్యుచ్చు. చేతిలోని ముక్క ఒకటి పారవేసి మంత్రాన్ని రద్దుచేస్తుంది. దానిని కూడ రద్దుచేయగలది "సాలెమ్ జడ్జిమెంట్". దీనికి మూల్యం తన ప్రాణాంకాలలో సగం. ఒకదానిమీద ఒకటి వచ్చిపడితే దేనిని ముందు అమలుపరచాలి? నియమం ఏమంటే ఆఖరున వచ్చినది ముందు. కాలువ పడవలో ధాన్యపు బస్తాలు ఒకదానిమీద ఒకటి వేస్తే రేవులో మొదట దింపేది చివర ఎక్కించిన బస్తానే. లెక్కలలో కుండలీకరణాలను లోపలినుండి విప్పుకొని రావడం కూడ ఇదే న్యాయం. కంప్యూటరు ఒక పని మధ్యలో మరొక పని, దాని మధ్యలో ఇంకొకటి చేయవలసివచ్చినప్పుడు దాని జ్ఞాపకంలో ఇట్టి దొంతరనే పేర్చుకొంటుంది.

ఉదాహరణకు రాజు పాట్ ఆఫ్ గ్రీడ్ వేశాడు. ప్రసాదు చేతిలోని ముక్క ఒకటి పారవేసి మేజిక్ జామర్ తెరిచాడు. రాజు వద్ద బోర్లా పెట్టిన టైఫూన్ ఉన్నది, కాని దానిని ఇప్పుడు వాడరాదు. ముక్కలకు వేగాలు ఉన్నాయి. మామూలు మంత్రానిది ఒకటి, శీఘ్ర మంత్రానిదీ సాధారణపు ఉచ్చుదీ రెండు, ప్రత్యుచ్చుది మూడు. తక్కువ వేగం ఎక్కువ వేగానికి బదులు చెప్పలేదు. కనుక రాజు 4000 ప్రాణాంకాలు చెల్లించి సాలెమ్ జడ్జిమెంట్ తెరిచాడు. ప్రసాదు వద్ద బదులు లేదు. ఇప్పుడు దొంతర విప్పుదాం. మూడవది జామరును రద్దుచేసింది. రెండవది రద్దయినది కనుక శూన్యం. మొదటిది నిరాటంకంగా అమలై రాజుకు రెండు ముక్కలు వచ్చినవి. ప్రసాదు పారవేసిన ముక్క తిరిగిరాదు, రాజు చెల్లించిన ప్రాణాంకాలూ తిరిగిరావు. మూల్యం ముందే చెల్లిపోయింది. ఫలం మాత్రమే రద్దవుతుంది. పద్దు చూస్తే రాజు రెండు ముక్కలు ఖర్చుపెట్టి రెండు తెచ్చుకొన్నాడు, ప్రసాదు రెండు పోగొట్టుకొన్నాడు. దానికి రాజు ఇచ్చిన వెల సగం ప్రాణం. అది లాభమా, నష్టమా అనేది ఆట ఎంతవరకు వచ్చిందన్నదాని మీద ఆధారపడుతుంది.

ఈ పద్దులోనే ఇంకొక రహస్యం ఉన్నది. పాట్ ఆఫ్ గ్రీడ్ ఒకటి ఇచ్చి రెండు తీసికోవడం. మూల్యం లేదు, షరతు లేదు. ఏ కట్టలోనైనా అది లాభమే కనుక ప్రతివాడూ దానిని పెట్టుకొంటాడు. అందరూ పెట్టుకొంటే ఎంపిక అనేది లేకుండా పోతుంది. అందువల్లనే క్రమబద్ధమైన పోటీలలో దానిని నిషేధించారు. రాక్షసులను ఊచకోత కోసే ముక్కలకన్న అమాయకంగా కనిపించే ఈ రెండు ముక్కల కుండే ప్రమాదకరమని నిర్ణయించడం గమనింపదగినది.

కావలసిన ముక్క మొదటనే చేతికి వచ్చే సంభావ్యత ఎంత? మొదట ఐదు ముక్కలు తీస్తారు. 40 ముక్కల కట్టలో ఒక ముక్క ఒక్కటే ఉంటే 5/40, అంటే నూటికి పన్నెండున్నర సార్లు. మూడు ప్రతులు ఉంటే? జోకరు లెక్కే ఇక్కడా. మూడూ చేతికి రాకుండా ఉండే సంభావ్యత (35×34×33)/(40×39×38), అంటే 0.662. కనుక ఒకటైనా వచ్చేది 0.338. అదే 60 ముక్కల కట్ట అయితే (55×54×53)/(60×59×58) = 0.767, వచ్చేది 0.233 మాత్రమే. బలమైన ముక్కలు ఎక్కువ ఉన్నాయి కదా అని కట్టను లావు చేసే పిల్లవాడు తన మంచి ముక్కను తానే పాతిపెట్టుకొంటున్నాడు. నేర్చినవారు నలభై దాటకుండా చూచుకొంటారు. ఉపాధ్యాయులు పాత క్యాలెండరు కాగితాలతో నలభై చీట్లు చేయించి, మూడింటికి గుర్తుపెట్టి, కలిపి ఐదేసి తీయించి చూడవచ్చు. తరగతి అంతా కలిసి మూడు వందల సార్లు తీస్తే ఆ గుర్తు నూటయొక్కసారికి అటూ ఇటూగా కనిపించాలి.

అదృష్టాన్ని పూర్తిగా తొలగించలేము. కాని దానిని లెక్కగట్టి, కట్టను కూర్చి, ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించడంలో నేర్పు ఉన్నది. రమ్మీ విషయంలో మన సుప్రీం కోర్టు చెప్పినదీ దాదాపు ఇదే. సికిందరాబాదులోని ఒక క్లబ్బు మీద వచ్చిన కేసులో, 1967 నవంబరులో, పడిన ముక్కలను గుర్తుంచుకొని, ఏది ఉంచుకోవాలో ఏది పారవేయాలో తెలియవలసిన రమ్మీ మూడు ముక్కలాట వంటి కేవల జూదం కాదని, ప్రధానంగా నేర్పుతో కూడినదని న్యాయస్థానం అభిప్రాయపడింది. ఆట నేర్పుదైనంత మాత్రాన దానిమీద పందెం కాయడం నేర్పయిపోదు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి జూద చట్టాన్ని సవరించి, ఆన్‌లైన్‌లో పందెం కాసి ఆడే ఆటలను నిషేధించింది.

మంత్రపు ముక్కల లోతు ఎంతటిదో చెప్పే ఫలితం ఒకటి 2019లో వెలువడింది. అలెక్స్ చర్చిల్, స్టెల్లా బైడర్‌మన్, ఆస్టిన్ హెరిక్ అనే ముగ్గురు "మేజిక్" ఆటలోని ముక్కలను తగినట్లు పేర్చి ట్యూరింగ్ యంత్రాన్నే నిర్మించవచ్చునని నిరూపించారు. 1936లో అలన్ ట్యూరింగ్ కాగితం మీద ఊహించిన ఆ యంత్రం ఎప్పటికైనా ఆగుతుందా అనే ప్రశ్నకు అన్ని సందర్భాలలో జవాబు చెప్పగల పద్ధతి లేదు. కాబట్టి ఆ ఆటలో ఒక స్థితిని చూచి గెలుపెవరిదో ఎల్లప్పుడూ చెప్పగల గణనపద్ధతి కూడ ఉండజాలదు.

మరి మాస్టారి రెండవ ప్రశ్న? జూదం ఈ ఆట బల్లమీద లేదు. అది దుకాణంలో ఉన్నది. ఈ ముక్కలను మూసిన పొట్లాలలో అమ్ముతారు. లోపల ఏది ఉన్నదో విప్పితేకాని తెలియదు. లెక్క తేలికకోసం ఒక వరుసలో 50 రకాలు ఉన్నాయని, అన్నీ సమానంగా దొరుకుతాయని, పొట్లానికి ఒకటే ముక్క, వెల పది రూపాయలని అనుకొందాం. పిల్లవానికి డార్క్ హోల్ కావాలి. యాభై రకాలు కనుక యాభై పొట్లాలు కొంటే వచ్చితీరుతుందని వాడు అనుకొంటాడు. 49/50ని యాభైసార్లు గుణించి చూడండి. 0.364 వస్తుంది. ఐదువందల రూపాయలు పెట్టిన తరువాత కూడ నూటికి 36 మంది పిల్లలకు ఆ ముక్క రాదు!

యాభై రకాలూ కావాలంటే? మొదటి పొట్లంలో ఏది వచ్చినా కొత్తదే. సగం రకాలు సగటున 34 పొట్లాలతో వచ్చేస్తాయి. ఈ తొలి సులభమే పిల్లలను ఆకర్షించేది. చివరి ఒక్క రకం కోసమే సగటున మరో యాభై పొట్లాలు కావాలి. మొత్తం సగటు 225, అంటే 2250 రూపాయలు. చేతిలో 175 మారుముక్కలు మిగులుతాయి. నిజమైన పొట్లాలలో బలమైన ముక్కలను కావాలనే అరుదుగా పెడతారు కనుక వాటికోసం అయ్యే ఖర్చు దీనికన్న ఎక్కువే.

మాస్టారు ఈ లెక్కనే నల్లబల్ల మీద వేయించారు. పిల్లవాడు లేచి, "అయితే నా దగ్గరున్న మారుముక్కలు వీడికిచ్చి వీడివి నేను పుచ్చుకుంటేనండీ?" అని అడిగాడు. ఇద్దరు కలిసి పోగుచేస్తే సగటు ఎంతకు దిగుతుందో మరునాటికి లెక్కగట్టి తెమ్మని చెప్పి, ముక్కల కట్ట వానికి తిరిగి ఇచ్చివేశారు.